మూడక్షరాల టీ షర్టు

సంచిక సంపాదకవర్గం తమ్ముళ్లు నన్ను స్వయం ఉపాధి మీద ఏదైనా రాయమన్నారు. పదమూడేళ్లుగా ఖమ్మంలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది అదేనని వాళ్ల ఉద్దేశం కావచ్చు. రాద్దామని కూర్చునేసరికి టేబుల్ మీద మీ హాస్టల్ ఆర్డరే ఉంది. వార్షికోత్సవానికి 64 టీ షర్టులు, నేవీ బ్లూ, వెనక తెల్ల ఇంకుతో హాస్టల్ పేరు. ఫిల్మ్ తీశాను, ఫ్రేము ఎక్స్‌పోజ్ చేశాను. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. "అన్నా, సాంఘిక సంక్షేమ అన్న మాట తీసెయ్యవా? ఊరి పేరు, హాస్టల్ అని ఉంటే చాలు."

ఎందుకని అడగలేదు. నేనూ ఇదే హాస్టల్లో ఐదేళ్లు ఉన్నవాణ్ణే. నా ట్రంకు పెట్టె మీద పెయింటుతో రాసిన హాస్టల్ పేరు కనపడకుండా ఊరెళ్లే బస్సులో పెట్టెను గోడవైపు తిప్పి పెట్టేవాణ్ణి. కాలేజీలో "వెల్‌ఫేర్ వాడు" అనే మాట ఎలా వినిపిస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. కాబట్టి స్వయం ఉపాధి గురించే రాస్తాను గానీ, ఈ ఫోన్ సంగతి పక్కన పెట్టి రాయలేను. రెండూ ఒకే విషయమని నాకు అనిపిస్తోంది.

ఆరేడేళ్ల కిందట మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకడు, నాకంటే రెండేళ్లు చిన్నవాడు, ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. ఒక అర్ధరాత్రి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ పిల్లలు టీ షర్టు మీద మూడు గ్రీకు అక్షరాలు కుట్టిస్తే నలభై డాలర్లిస్తున్నారు. నువ్వు అక్కడ కుట్టించు, నేనిక్కడ అమ్ముతా." నిద్రమత్తులో కూడా లెక్క వేసుకున్నాను. తిరుపూర్ నుంచి తెచ్చే 180 జీఎస్ఎం టీ షర్టు మీద నాకు మిగిలేది ఎంతో మీకు చెబితే నవ్వుతారు. నలభై డాలర్లంటే నాకు ఒక వారం కరెంటు, కుర్రాడి జీతం.

ఇంతకీ ఏమిటీ మూడక్షరాలు? అమెరికా కాలేజీల్లో ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు అని విద్యార్థి సంఘాలుంటాయి. మొదటివి మగపిల్లలవి, రెండోవి ఆడపిల్లలవి. చాలావాటి పేర్లు గ్రీకు అక్షరాలే. మొట్టమొదటిదైన ఫై బీటా కప్పా 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. సొరోరిటీ అన్న మాటకు వయసు అంత లేదు. సిరాక్యూస్‌లో 1874లో పెట్టిన గామా ఫై బీటా కోసం ఒక లాటిన్ ప్రొఫెసర్ సూచించాడని చెబుతారు. సొంత ఇళ్లు, రహస్య ప్రమాణాలు, చందాలు, విందులు, ముఖ్యంగా పరిచయాలు. చదువయ్యాక ఉద్యోగం చూపించే అన్నలు, బాబాయిలు అక్కడే దొరుకుతారు. చాలా కాలం వాటిలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం లేదు. కొన్నింటి నియమావళిలోనే తెల్లవాళ్లకు మాత్రమేనని రాసుకున్నారు. రాయనివి రాయకుండానే అమలు చేశాయి.

మనకు సంబంధించిన కథ ఇక్కడ మొదలవుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అంతకు ముందు ఏడాది చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు 1905లో తిరిగి చదువుకు రాలేదు. ఉండడానికి గది లేదు, కలిసి చదువుకునే తోడు లేదు. మిగిలినవాళ్లు ఇలా ఒక్కొక్కరుగా రాలిపోతే లాభం లేదని మొదట చదువు బృందంగా కూడి, 1906 డిసెంబరు 4న ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టారు. రెండేళ్లకు, 1908లో, హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. 1913 జనవరిలో అక్కడే పుట్టిన డెల్టా సిగ్మా తీటా అమ్మాయిలు రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, వాషింగ్టన్‌లో స్త్రీల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. ఇలాంటివి మొత్తం తొమ్మిది. అందులో ఐదు హోవార్డ్‌లోనే పుట్టాయి. చివరిది అయోటా ఫై తీటా, 1963, బాల్టిమోర్‌లోని మోర్గాన్ స్టేట్. ఈ తొమ్మిదింటినీ కలిపి డివైన్ నైన్ అంటారు.

గది దొరక్క పుట్టిన సంఘం అంటే మీకు ఏం గుర్తొస్తుంది? నాకైతే మన హాస్టలే గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే మనది ప్రభుత్వం ఇచ్చింది, వాళ్లది వాళ్లే కట్టుకున్నది. ఆల్ఫా ఫై ఆల్ఫాలో మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నారు, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఉన్నారు. ఆ డుబోయిస్ గారికే 1946లో మన బాబాసాహెబ్ ఉత్తరం రాశారు. నల్లజాతి వారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు కావాలని, మన స్థితికీ వాళ్ల స్థితికీ చాలా పోలిక ఉందని. డుబోయిస్ జవాబు కూడా రాశారు. టీ షర్టుల వ్యాపారం గురించి మొదలుపెట్టి ఎక్కడికో పోతున్నాడనుకోకండి. ఆ టీ షర్టు మీద ఉన్న అక్షరాల బరువు తెలియకుండా ఆ వ్యాపారం చేయబోయి నేను చేతులు కాల్చుకున్నాను.

ముందు ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చెబుతాను. అమ్మే సరుకు ఒక్క టీ షర్టే కాదు. జాకెట్లు, టోపీలు, స్నాతకోత్సవంలో మెడలో వేసుకునే కండువాలు, కారు నంబరు ప్లేటు చుట్టూ బిగించే ఫ్రేములు, పిన్నులు, ఉంగరాలు. ఒక్క బ్యాడ్జీల మీదే కంపెనీలు నిలబడ్డాయి. మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరోలో 1913లో మొదలైన బాల్ఫోర్ అలాంటిదే. గుడ్డ సరుకులో గిరాకీ ఎక్కువ ఉన్నది కుట్టు అక్షరాలకు. ట్విల్ గుడ్డను అక్షరం ఆకారంలో కత్తిరించి, కింద ఇంకో రంగు గుడ్డ అంచు కనిపించేలా పెట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ కుట్టు వేస్తారు. మన దగ్గర ప్యాచ్ వర్క్ చేసే ఏ టైలరుకైనా చేతనైన పనే. నల్లజాతి సంఘాల్లో దీనికి తోడు లైన్ జాకెట్ ఉంటుంది. ఒకేసారి చేరిన బృందాన్ని లైన్ అంటారు. ఆ బృందంలో నీ సంఖ్య ఎంత, నీకు పెట్టిన పేరేమిటి, చేరిన ఏడాది, సీజను అన్నీ ఆ జాకెట్ మీద ఉంటాయి. అంటే ప్రతి జాకెట్టూ వేరే. మన ప్రింటింగ్ భాషలో ఇది బల్క్ ఆర్డర్ కాదు, ఒక్కొక్క పీసు. శ్రమ ఎక్కువ, రేటూ ఎక్కువ. పెద్ద ఫ్యాక్టరీవాడు ఇలాంటివి ముట్టుకోడు కాబట్టి చిన్న షాపుకు చోటుంది.

రంగుల్లో చాలా పట్టింపు. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లది సాల్మన్ గులాబీ, ఆపిల్ ఆకుపచ్చ. మన చిలకపచ్చ పెడితే ఒప్పుకోరు. ఆల్ఫా ఫై ఆల్ఫా వాళ్లది నలుపు, పాత బంగారు రంగు. అది ఆవపిండి రంగు కాదు, జరీ రంగు కాదు. డెల్టా సిగ్మా తీటా, కప్పా ఆల్ఫా సై రెండింటికీ క్రిమ్సన్, మీగడ తెలుపు. ఫై బీటా సిగ్మా, జీటా ఫై బీటా రెండింటికీ రాయల్ బ్లూ, తెలుపు. అందుకే కంటితో చూసి ఇంకు కలపడం కుదరదు, పాంటోన్ నంబరు అడిగి తీసుకోవాలి.

గిరాకీకి కాలం కూడా ఉంది. కొత్త సభ్యుల్ని తీసుకునే రోజులు, శరదృతువులో పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్, ప్రతి సంఘం పుట్టినరోజు, స్నాతకోత్సవం, జాతీయ సమావేశాలు. ఇక నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచింది వేరే ఉంది. ఈ తొమ్మిది సంఘాల్లో సభ్యత్వం కాలేజీతో అయిపోదు, జీవితాంతం. ఉద్యోగస్తుల శాఖలు వేరుగా ఉంటాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా, డెల్టా సిగ్మా తీటా రెండూ తమ సభ్యులు మూడు లక్షలు దాటారని చెప్పుకుంటాయి. అంటే కొనేది జేబులో డబ్బు లేని పిల్లలు మాత్రమే కాదు, యాభై ఏళ్ల టీచరమ్మలు, డాక్టర్లు, లాయర్లు. 2021 జనవరి 20న కమలా హారిస్ ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసిన రోజు దేశమంతటా ఆడవాళ్లు ముత్యాల దండలు వేసుకున్నారు. ఆవిడ హోవార్డ్‌లో చేరిన సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా. ముత్యాలు ఆ సంఘం గుర్తు. ఒక విద్యార్థి సంఘం గుర్తుకు అంత విలువ రావడం మనం ఊహించగలమా?

ఇప్పుడు నా నిర్వాకం వినండి. తమ్ముడి మాట పట్టుకుని 24 జాకెట్లు నమూనాగా కుట్టించాను. ఎంబ్రాయిడరీ డిజైన్ చేసిన కుర్రాడు కంప్యూటర్‌లో సిగ్మా దొరక్క ఇంగ్లీషు ఈ అక్షరం పెట్టాడు. చూడ్డానికి దగ్గరగానే ఉందని నేనూ ఊరుకున్నాను. క్రిమ్సన్‌కు బదులు మామూలు ఎరుపు దారం వేయించాను. పోస్టు ఖర్చుతో కలిపి నలభై ఒక్క వేలయింది. అవతల తమ్ముడు ఆ సంఘంలో ఉన్న ఒక పెద్దావిడకు చూపించాడట. ఆవిడ జాకెట్ చేతిలోకి తీసుకోకుండానే రెండు తప్పులూ చెప్పింది. కోప్పడలేదు. మూడో ప్రశ్న మాత్రం వేసింది: "మా సంఘం అనుమతి పత్రం ఏది?"

ఆ పత్రం సంగతి మాకిద్దరికీ తెలియదు. ఆ అక్షరాలు, ఆ ముద్ర, పేరు చాలావరకు రిజిస్టరైన ట్రేడ్‌మార్కులు. అమెరికాలో 1946 నాటి లాన్‌హామ్ చట్టం వాటిని కాపాడుతుంది. అమ్మదలచినవాడు సంఘం దగ్గరో, సంఘం తరఫున లైసెన్సులు చూసే సంస్థ దగ్గరో దరఖాస్తు చేసుకోవాలి, నమూనాలు చూపించాలి, ముందు రుసుము, తర్వాత అమ్మకాల మీద రాయల్టీ కట్టాలి. తొమ్మిది సంఘాలకు తొమ్మిది అనుమతులు. గ్రీకు అక్షరాలు వేల ఏళ్ల నాటివి, వాటికి లైసెన్సేమిటని తమ్ముడు వాదించాడు. అక్షరాలు ఎవరివీ కావు, నిజమే. ఆ మూడింటిని ఆ వరసలో, ఆ రంగుల్లో జాకెట్ మీద పెడితే కొనేవాళ్లు అక్షరాల్ని కొనడం లేదు, సంఘాన్ని కొంటున్నారు.

టెక్సాస్‌లోని లబ్బక్‌లో పాడిల్ ట్రాంప్స్ అని ఒక చిన్న కంపెనీ 1961 నుంచి ఈ సంఘాల గుర్తులున్న చెక్క తెడ్లు, అలంకరణ సామాను అమ్ముతూ వచ్చింది, లైసెన్సు లేకుండానే. పదుల సంఖ్యలో సంఘాలు దానితో కోర్టులో పోరాడాయి. 2013లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. ఇన్నేళ్లు తెలిసీ ఊరుకున్నారు కాబట్టి వ్యాపారం మొత్తం మూయించలేరు, అయితే ప్రకటనల్లో ఆ గుర్తుల్ని వాడుకోవడం లాంటి వాటికి హద్దులుంటాయి అని దాని సారాంశం. ఈ తీర్పు చూసి తమ్ముడు ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం భయమేసింది. ఆ కంపెనీని కాపాడింది దాని యాభై ఏళ్ల వయసు. నిన్న పుట్టిన మన షాపుకు ఆ రక్షణ ఎక్కడిది? దానికి తోడు, ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్నవాడు అనుమతి లేకుండా వ్యాపారం నడిపితే చదువే పోతుంది. నలభై ఒక్క వేలు నాకు పోయాయి, సరే. వాడికి పోయేది అమ్మా నాన్నా పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు. ఆ రాత్రే ఆపేద్దామన్నాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు లెండి.

అయితే ఈ వ్యాపారం వద్దంటానా? అనను. చేతిపని తెలిసినవాడికి ఇది మంచి వ్యాపారమే. నా అభిప్రాయంలో మన వాళ్లు అక్షరాలు అమ్మడంకంటే కుట్టుపని అమ్మడం మేలు. అక్కడ లైసెన్సు ఉన్న షాపులు చాలా ఉన్నాయి. వాటిలో ఆయా సంఘాల సభ్యులే నడిపేవీ ఉన్నాయి. వాళ్లకు ట్విల్ అక్షరాలు కత్తిరించి, కుట్టి ఇవ్వడానికి చేతులు కావాలి. లైసెన్సు నియమాల ప్రకారం ఆ షాపువాడు నీ పేరు తన సంఘానికి చెప్పి పని ఇస్తే నీకూ భయం లేదు. లాభం తక్కువ, నిద్ర ఎక్కువ. చిన్న చిన్న పార్సిళ్లుగా పంపి సుంకం తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇస్తూ వచ్చిన మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది.

అక్కడ భారతీయ మూలాలున్న పిల్లల సంఘాలు కూడా వచ్చాయి. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లో, అదే ఏడాది హ్యూస్టన్‌లో అమ్మాయిల సంఘం డెల్టా ఫై ఒమేగా. వాళ్లలో తెలుగు పిల్లలుంటారు, మనవాళ్లే కదా, అడగకుండా కుట్టేద్దాం అనుకోవడం ఇంకో పొరపాటు. అనుమతికి చుట్టరికం లేదు.

ఒక్క సరుకు మాత్రం ఎవరు ఎంతిచ్చినా నేను చేయను. పైన చెప్పిన చెక్క తెడ్డు. ఇప్పుడది గోడకు తగిలించుకునే జ్ఞాపిక అంటారు. కానీ కొత్తగా చేరేవాళ్లను కొట్టడానికి వాడిన వస్తువు అది. హేజింగ్ పేరుతో అక్కడ ప్రాణాలు పోయాయి. 2024 డిసెంబరులో దాని మీద కేంద్ర స్థాయిలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ తెచ్చుకోవాల్సి వచ్చింది. నల్లజాతి సంఘాలూ ఈ మచ్చ లేనివి కావు. వెలివేతను ఎదిరించి పుట్టిన సంఘం తన తమ్ముణ్ణే కొట్టి లోపలికి తీసుకోవడం నాకు మింగుడు పడదు. మనకు 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఈ హాస్టల్లో నేను సీనియర్ల బట్టలుతికాను, మీలో కొందరికీ తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి నేర్చుకోవలసింది ఉంటే అన్నీ కాదు.

కానీ ఆ పెద్దావిడ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎరుపుకూ క్రిమ్సన్‌కూ తేడా గుర్తుపట్టి, సిగ్మా తప్పయితే ముట్టుకోకుండా పక్కన పెట్టేంత గౌరవం. అది గది దొరకని పిల్లల సంఘం గుర్తు. ఆవిడకు అది దాచుకోవలసిన విషయం కాదు, కాపాడుకోవలసిన ఆస్తి. మనమేమో డబ్బు కట్టి, మన గుర్తు మనమే చెరిపించుకుంటున్నాం.

తీసెయ్యమన్న తమ్ముణ్ణి తప్పుపట్టను. ఆ టీ షర్టు వేసుకుని బస్సెక్కేది వాడు, షాపులో కూర్చుని రాస్తున్నది నేను. అక్కడివాళ్లు ఆ అక్షరాల్ని తామే ఎంచుకున్నారు. "సాంఘిక సంక్షేమ" మనం పెట్టుకున్న పేరు కాదు, శాఖ పెట్టింది. ఆ వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. అలాగైతే ఆ మాట తీసేసి ఖాళీ వదలడం కాదు, మన పేరు మనం పెట్టుకుందాం. ఏడుగురు పెద్దవాళ్లు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టర్ చేయించవచ్చు. కార్నెల్‌లో కూడినదీ ఏడుగురే, కాకతాళీయమే అనుకోండి. 1999 నాటి మన ట్రేడ్‌మార్కుల చట్టంలో సంఘం సభ్యులందరి తరఫున సామూహిక గుర్తు నమోదు చేసుకునే వీలుంది. బట్టలకు 25వ తరగతి. ఒక చిహ్నం, రెండు రంగులు మీరే తేల్చండి. ఏటా టీ షర్టులు, బ్యాగులు, గోడ క్యాలెండర్లు మీ గుర్తుతో మన పూర్వ విద్యార్థులకు అమ్మండి. ఈ హాస్టల్ నుంచి వెళ్లిన టీచర్లు, నర్సులు, కానిస్టేబుళ్లు, ఇంజనీర్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి పాత రిజిస్టర్లు తీసి చూడండి. జీవితాంతం సభ్యులుగా ఉండే కొనుగోలుదారులు మనకూ ఉన్నారు. మిగిలిన డబ్బు ఎప్‌సెట్ పుస్తకాలకో, ఇంటర్వ్యూకు వెళ్లేవాడి రైలు టిక్కెట్టుకో పోనివ్వండి. మొదటి ఏడాది ప్రింటింగ్ కూలీ నేను తీసుకోను, టీ షర్టుల ఖరీదిస్తే చాలు.

ఇక మీ 64 టీ షర్టుల సంగతి. మాట తీసేసిన ఫ్రేము ఒకటి, తీయనిది ఒకటి, రెండూ తయారు చేసి పెట్టాను. ఇంకు ఎండడానికి ఒక రోజు, మడత పెట్టి ప్యాకింగ్ చేయడానికి పూట పడుతుంది. ఏ ఫ్రేము వాడమంటారో హాస్టల్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని గురువారం సాయంత్రం లోపు ఫోన్ చేయండి. ఒక్కరే నిర్ణయించి చేయకండి. సైజుల్లో ఎక్స్‌ఎల్ పదకొండు రాశారు, అంత లావువాళ్లు మన మెస్ తిండికి ఎక్కడి నుంచి వచ్చారో అదీ సరిచూసి చెప్పండి.